ఒక పాట, రెండు ఆస్తులు: రాక్, కంట్రీ కవర్ల లోపలి లెక్క

బాబ్ డిలాన్ 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బమ్ 1967 డిసెంబరు 27న విడుదలైంది. అందులో రెండున్నర నిమిషాల పాట ఒకటుంది, 'ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్'. దాన్ని రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1968 జనవరి 21న లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో రికార్డు చేయడం మొదలుపెట్టాడు. మధ్యలో గడిచింది ఇరవై అయిదు రోజులు. ఇదే మన దేశంలో నేటి చట్టం కింద జరిగుంటే, డిలాన్ తరఫువాళ్లు ఒప్పుకుంటే తప్ప, 1973 జనవరి దాకా ఆగాల్సి వచ్చేది. హెండ్రిక్స్ 1970 సెప్టెంబరులోనే పోయాడు.

రాక్, కంట్రీ సంగీతాల్లో ఇన్ని గొప్ప కవర్లు, అంటే ఒకరి పాటను మరొకరు కొత్తగా రికార్డు చేసినవి, ఎందుకు పుట్టాయన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం సంగీతంలో ఉంది. అమెరికా, బ్రిటన్ చట్టం ఒక గీత గీసింది: మాటలు, బాణీ రాసినవాడివి, నడక, శ్రుతి, వాద్యాలు, గొంతు పాడేవాడివి. నిలిచిపోయిన కవర్లను వరసగా పెట్టి వింటే, వాటిలో ఎక్కువ భాగం ఆ గీతకు ఇవతలే, ఒకటో రెండో మీటలు మాత్రమే తిప్పినట్టు తెలుస్తుంది. అన్నీ తిప్పినవి గుర్తుండవు. ఏదీ తిప్పనివి సాధారణంగా గుర్తుండవు. ఆ 'సాధారణంగా'కు ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాని సంగతి తర్వాత.

పాట వేరు, రికార్డు వేరు

కవర్ల గురించి వినిపించే వాదనల్లో చాలా మటుకు ఈ ఒక్క ముడి విప్పితే సద్దుమణుగుతాయి. ఒక పాట బయటికొచ్చేసరికి అందులో రెండు ఆస్తులుంటాయి. ఒకటి రచన, అంటే సాహిత్యం, బాణీ. ఇది రాసినవాళ్లది, వాళ్ల పబ్లిషర్‌ది. రెండోది ధ్వనిముద్రణ, అంటే ఆ రోజు ఆ స్టూడియోలో ఆ మనుషులు చేసిన శబ్దం. ఇది ఎక్కువగా రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది. కవర్ చేసేవాడు మొదటి ఆస్తిని అద్దెకు తీసుకుంటాడు. రెండోదాన్ని ముట్టుకోడు. పాత రికార్డులోంచి నాలుగు సెకన్లు కోసి వాడుకుంటే అది శాంపిల్. బాణీ మాత్రం ఎత్తుకుని కొత్త మాటలు అతికిస్తే అది కవర్ కాదు. అనుమతి ఉంటే అనుసరణ, లేకపోతే దానికి మన సినిమావాళ్లు చాలా పేర్లు పెట్టారు.

ఈ తేడా మనకు కొత్తదేమీ కాదు. త్యాగరాజ కృతి ఎవరు పాడినా దాన్ని కవర్ అనం. కృతి అందరిదీ, పాఠాంతరం గురుపరంపరది, సంగతులు ఆ పూటవి. అదే సినిమా పాట దగ్గరికొచ్చేసరికి పాట మొదటి గొంతుకు అతుక్కుపోతుంది, ఇంకెవరు పాడినా 'అలా లేదే' అంటాం. రాక్ పాటది ఈ రెంటికీ మధ్య స్థితి. చట్టం దాన్ని కృతిలా చూస్తుంది, అభిమాని సినిమా పాటలా వింటాడు. గొడవంతా అక్కడే.

'మొదటి గొంతు' అని మనం అనుకునేది నిజంగా మొదటిదే అన్న భరోసా కూడా లేదు. 'మీ అండ్ బాబీ మెగీ' జానిస్ జాప్లిన్‌ది అనుకుంటారు. రాసింది క్రిస్ క్రిస్టఫర్సన్, ముందుగా రికార్డు చేసింది 1969లో రోజర్ మిల్లర్. 'ఐ ఫాట్ ద లా' క్లాష్ బృందానిది అనుకునేవాళ్లు, దానికి ముందు బాబీ ఫుల్లర్ ఫోర్ ఉందని తెలిసి సర్దుకుంటారు. దానికీ ముందు క్రికెట్స్ ఉంది, రాసిన సానీ కర్టిస్ ఆ బృందంలోనివాడే. కాబట్టి 'ఒరిజినల్' అన్న మాటను కాస్త అనుమానంగా చూడటం మంచిది. రాసినవాడెవరు, మొదట రికార్డు చేసిందెవరు, జనానికి చేర్చిందెవరు అని మూడుగా విడగొట్టుకుంటే లెక్క తేలుతుంది.

మూడు కార్డ్‌లు, నాలుగు నిమిషాలు

మళ్లీ వాచ్‌టవర్ దగ్గరికి వద్దాం. డిలాన్ దాన్ని 1967 నవంబరులో నాష్‌విల్‌లో రికార్డు చేశాడు. అకూస్టిక్ గిటార్, హార్మోనికా, చార్లీ మెకాయ్ బేస్, కెన్నెత్ బట్రీ డ్రమ్స్; ఇంకేమీ లేవు. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు. పాట మొత్తం మూడే కార్డ్‌ల చక్రం: సి షార్ప్ మైనర్, బి, ఎ, మళ్లీ బి. పల్లవికి వేరే కార్డ్‌లుండవు, అసలు పల్లవే లేదు. గిటార్‌పై నాలుగో ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే కేపో బిగించి ఎ మైనర్, జి, ఎఫ్ ఆకారాలు వాయిస్తే డిలాన్ రికార్డుతో కలుస్తుంది.

చార్లీ మెకాయ్ పేరు ఇక్కడ ఊరికే రాలేదు. నాష్‌విల్ స్టూడియోల్లో కార్డ్‌లను అక్షరాలతో కాకుండా అంకెలతో రాసుకునే పద్ధతి ఒకటుంది. జోర్డనేర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ 1950ల చివర్లో మొదలుపెడితే, దాన్ని వాద్యకారుల్లోకి తెచ్చినవాడు మెకాయ్. గాయకుడు వచ్చి 'నాకు ఒక మెట్టు దించండి' అంటే కాగితం తిరగరాయనక్కర్లేదు. 1, 4, 5 అలాగే ఉంటాయి, ఆధార స్వరం మాత్రం మారుతుంది. సరిగమలు నేర్చిన తెలుగువాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. శ్రుతి ఒకటైనా అయిదున్నరైనా 'స' సనే, 'ప' పనే. వాచ్‌టవర్‌ను ఆ పద్ధతిలో రాస్తే 6 మైనర్, 5, 4, 5. కవర్ చేయబోయే ఏ పాటనైనా ముందు ఇలా అంకెల్లోకి దించుకుంటే, ఏది పాట ఎముక, ఏది రికార్డు మీది బట్ట అన్నది కాగితం మీదే కనిపిస్తుంది.

హెండ్రిక్స్ ఈ ఎముకను ముట్టుకోలేదు. అవే కార్డ్‌లు, అదే వరస, దాదాపు అవే మాటలు. తిప్పిన మీటల్లా ఒకటే: ఖాళీ. డిలాన్ పాటలో చరణానికీ చరణానికీ మధ్య హార్మోనికా కాసేపు పలికి వదిలేసే జాగాలున్నాయి. హెండ్రిక్స్ వాటిని గిటార్‌తో కట్టాడు. నడుమ ఉన్న పొడవాటి సోలోలో నాలుగు వేర్వేరు గదులున్నట్టుంటుంది: మొదట మామూలు లీడ్, తర్వాత జారుగా వచ్చే స్లైడ్, ఆపైన కాలితో తొక్కి స్వరాన్ని 'వా' అనిపించే వా-వా పెడల్, చివర కార్డ్‌లతో మీటే రిథమ్. నాలుగూ అదే మూడు కార్డ్‌ల చక్రం మీదే. అడుగున డేవ్ మేసన్ పన్నెండు తీగల అకూస్టిక్ గిటార్ కొడుతుంటాడు. అది తీసేస్తే పైనున్న ఎలక్ట్రిక్ గిటార్లన్నీ గాల్లో తేలిపోతాయి. బేస్ కూడా హెండ్రిక్సే వాయించాడు. లండన్‌లో మొదలైన పనిని తర్వాత న్యూయార్క్‌లోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో పొరలు పొరలుగా పెంచాడు.

ఈ రికార్డుతో కలిసి వాయించబోయి చాలామంది తికమకపడేది శ్రుతి దగ్గర. హెండ్రిక్స్ ఆరు తీగలనూ అర మెట్టు కిందికి దించి వాయించాడు. అందుకే చేతి ఆకారం సి షార్ప్ మైనర్, చెవికి వినిపించేది సి మైనర్. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌తో పట్టుకోవాలంటే మూడో ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో తీగలను అడ్డంగా నొక్కే బారె కార్డ్‌తో అవస్థ పడాలి, తీగల బిగువు కూడా ఎక్కువై ఆ వంపులు రావు. తీగలు దించడమే దారి.

ఆ కవర్ అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల పట్టికలో 20వ స్థానం దాకా వెళ్లింది. అంకె మామూలుదే. కానీ డిలాన్ 1974 నుంచి ఈ పాటను కచేరీల్లో హెండ్రిక్స్ ధోరణిలోనే వాయిస్తూ వచ్చాడు. ఆయన వేదికపై అందరికంటే ఎక్కువసార్లు పాడిన సొంత పాట కూడా ఇదే, రెండు వేలకు పైగా.

నడక మారితే మాట బరువు మారుతుంది

తిప్పితే ఫలితం వెంటనే కనిపించే మీట లయ. బీటిల్స్ 1967లో 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'ను రింగో స్టార్ చేత పాడించారు. నాలుగు దెబ్బల నడక, నిమిషానికి దాదాపు 112 దెబ్బలు, ఊళ్లో షికారు కొట్టేవాడి హుషారు. జో కాకర్ 1968లో దాన్ని 6/8లోకి మార్చాడు. మన భాషలో చెప్పాలంటే తిశ్రగతిలో, విలంబంగా. మాటలు అవే. రింగో నోట సరదాగా వినిపించిన 'శ్రుతి తప్పి పాడితే లేచి వెళ్లిపోతావా' అన్న ప్రశ్న కాకర్ నోట నిజంగా భయపడుతున్న మనిషి ప్రశ్న అయింది. ఆ ఏడాది నవంబరులో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ రికార్డులో గిటార్ జిమీ పేజ్‌ది.

ఇది చేయబోయేవాళ్లకు ఒక లెక్క. మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టుకుని, ఒక్కో దెబ్బను మూడుగా లెక్కిస్తూ, ముందు వాద్యం లేకుండా మాటలు మాత్రం పలకాలి. వెంటనే రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఒకటి, పాట పొడవు రెట్టింపుకు దగ్గరవుతుంది. అన్ని చరణాలూ ఉంచితే వినేవాడికి ఓపిక చాలదు. రెండు, పాదం చివర నిలిపే అక్షరం తర్వాత పెద్ద గుంట పడుతుంది. వేగంగా ఉన్నప్పుడు ఆ గుంట అర సెకను, ఇప్పుడు రెండు సెకన్లు. కాకర్ రికార్డులో ఆ గుంటలను వెనక పాడే అమ్మాయిలు, ఆర్గన్, డ్రమ్స్ పూడుస్తాయి. అవి లేకుండా ఒక్క గిటార్‌తో అదే వేగం పట్టుకుంటే పాట కుంటుతుంది. ఒంటరిగా పాడేవాళ్లు 50 కాకుండా 58, 60 దగ్గర మొదలుపెట్టడం క్షేమం. డ్రమ్మర్ ఉన్నచోట వచ్చే తప్పు మరొకటి: మూడేసి లెక్కలో మూడోదాన్ని తొందరగా కొట్టేయడం. నాలుగు నిమిషాల్లో పాట తెలియకుండానే పరుగు అందుకుంటుంది.

కంట్రీలో ఇలాంటిదే 'టెనెసీ విస్కీ'. రాసినవాళ్లు డీన్ డిల్లన్, లిండా హార్‌గ్రోవ్. డేవిడ్ అలన్ కో 1981లో పాడాడు, జార్జ్ జోన్స్ 1983లో పాడి కంట్రీ పట్టికలో రెండో స్థానానికి తీసుకెళ్లాడు. రెండూ నాష్‌విల్ పద్ధతి ప్రేమపాటలే. 2015లో క్రిస్ స్టేపుల్టన్ 'ట్రావెలర్' ఆల్బమ్‌లో దీన్ని తీసుకుని కార్డ్‌లను రెండుకు కుదించాడు: ఎ, బి మైనర్. 6/8, నిమిషానికి దాదాపు 50. ఆ రెండు కార్డ్‌లు, ఆ ఊపు ఎక్కడివో సోల్ సంగీతం వినేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఎటా జేమ్స్ 1967లో పాడిన 'ఐడ్ రేదర్ గో బ్లైండ్' కూడా ఎ, బి మైనర్ ఊయలే. అంటే స్టేపుల్టన్ ఒక కంట్రీ రచనను సోల్ పాట నడకలో కూర్చోబెట్టాడు. కార్డ్‌లు తగ్గితే గొంతుకు జాగా పెరుగుతుంది. అయిదారు కార్డ్‌ల పాటలో గమకం వేయబోతే, స్వరం అటు పోతుంటే కార్డ్ ఇటు మారిపోతుంది. కదలని కార్డ్ మీద ఎంతసేపైనా తిరగొచ్చు, దాదాపు తంబురా మీద రాగాలాపన చేసినట్టే. దీన్ని పాడబోయి బోల్తాపడేవాళ్లంతా గొంతు కసరత్తును అనుకరిస్తారు, వెనకనున్న నిదానాన్ని వదిలేస్తారు. ఆ ఏడాది నవంబరు 4న కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వేడుకలో స్టేపుల్టన్, జస్టిన్ టింబర్‌లేక్ కలిసి దీన్ని పాడాకే దేశమంతా ఆ ఆల్బమ్‌ను వెతుక్కుంది.

ఒక్క మాట, ఒక్క అపస్వరం

'హర్ట్' నైన్ ఇంచ్ నెయిల్స్ 1994 ఆల్బమ్ 'ద డౌన్‌వర్డ్ స్పైరల్'లో చివరి పాట. ట్రెంట్ రెజ్నర్ చరణాల్లోని గిటార్ వరసలో కావాలనే ఒక ఒరుసుకునే స్వరం పెట్టాడు. చెవికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది, అదే ఆ పాట మనసు. జానీ క్యాష్, నిర్మాత రిక్ రూబిన్ 2002లో చేసిన కవర్‌లో ముందుగా తీసేసింది ఆ ముల్లునే. చరణానికి ఎ మైనర్, సి, డి. పల్లవికి జి, ఎ మైనర్, ఎఫ్, సి. గిటార్ నేర్చుకున్న మూడో నెలలో వచ్చే కార్డ్‌లు. రెజ్నర్ పాటలో బాధ శ్రుతిలో ఉంది. క్యాష్ శ్రుతిని శుభ్రం చేసి బాధను గొంతుకు వదిలేశాడు. డెబ్బై ఏళ్ల, ఆరోగ్యం చెడిన గొంతు అది. దానికి తోడు అపస్వరం కూడా ఉంటే పాట మోయలేకపోయేది.

సాహిత్యంలో మార్పు ఒక్కచోటే. కిరీటానికి తగిలించిన బూతు మాట తీసి 'ముళ్ల కిరీటం' అన్నాడు. ఒక్క మాటతో మాదకద్రవ్యాల కుర్రాడి పాట క్రైస్తవ వృద్ధుడి పాట అయింది. ఇంతకంటే పొదుపైన మార్పు కవర్ల చరిత్రలో వెతికినా దొరకడం కష్టం.

దీన్ని గిటార్‌పై వాయించేవాళ్లు గమనించాల్సింది పియానో. పల్లవిలో ఒకే స్వరం మళ్లీ మళ్లీ మోగుతూ పెరుగుతుంది. రెండో పల్లవి ముగిసేసరికి అది పాటనంతా కమ్మేసి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒంటరి గిటార్‌తో పాడేటప్పుడు మొదటి పల్లవిలోనే గట్టిగా కొట్టేస్తే రెండోదానికి మిగిలేదేమీ ఉండదు. మొదటి పల్లవి మొత్తం వేలితో మీటి, పిక్ రెండో పల్లవికి దాచుకోవాలి.

మార్క్ రోమనెక్ తీసిన వీడియో టెనెసీలోని హెండర్సన్‌విల్‌లో, అప్పటికే మూతపడి పాడుబడిన 'హౌస్ ఆఫ్ క్యాష్' మ్యూజియంలో కొంత చిత్రీకరించారు. మెట్ల మీద నిలబడి భర్తను చూస్తుండే జూన్ కార్టర్ 2003 మేలో, జానీ క్యాష్ అదే సెప్టెంబరులో వెళ్లిపోయారు. వీడియో చూశాక ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నర్ చెప్పాడు. చట్టప్రకారం మాత్రం అది ఇప్పటికీ ఆయనదే. క్యాష్ రికార్డు అమ్ముడైన ప్రతిసారీ రచనకు రావాల్సిన వాటా ఆయన వైపే వెళ్తుంది.

ఎవరు ఎవరితో అంటున్నారు

మాట పెద్దగా మార్చకుండానే పాట అర్థం తిరగబడేది మాట్లాడే మనిషి మారినప్పుడు. 1965లో ఓటిస్ రెడింగ్ 'రెస్పెక్ట్'లో ఇల్లు చేరిన మగవాడు మర్యాద అడిగాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అదే అడిగితే లెక్క వేరైంది. క్రిస్టఫర్సన్ రాసిన బాబీ ఆడపిల్ల. జాప్లిన్ పాడినప్పుడు మగవాడు. ఆమె రికార్డు జి శ్రుతిలో మొదలై ఒక పూర్తి మెట్టు ఎగబాకి ఎ లోకి వెళ్తుంది. ఎత్తు పెరిగాక కూడా గొంతుకు మిగులు ఉండాలని ముందే లెక్క వేసుకుంటేనే ఇది పని చేస్తుంది. ఎక్కువమంది ఔత్సాహికులు ఎక్కాక చిక్కుకుంటారు. జాప్లిన్ 1970 అక్టోబరు 4న చనిపోయింది, పాట 1971 మార్చిలో మొదటి స్థానానికి వెళ్లింది. క్రిస్టఫర్సన్ ఆ రికార్డింగ్‌ను ఆమె పోయాకే విన్నాడు.

జమైకాలో టూట్స్ అండ్ ద మేటల్స్ బృందం 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' పాడుతూ వెస్ట్ వర్జీనియా అన్నచోట వెస్ట్ జమైకా అన్నారు. ఇల్లు మారింది, ఇంటి బెంగ మారలేదు.

ఇదే మీట పొరపాటున కూడా తిరుగుతుంది. 'హౌండ్ డాగ్' బిగ్ మామా థార్న్‌టన్ కోసం లీబర్, స్టోలర్ రాసింది. ఆమె తిడుతున్నది కుక్కను కాదు, తన సొమ్ము తినే మగవాణ్ని. ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడింది ఆమె రికార్డు విని కాదు, లాస్ వేగాస్‌లో ఫ్రెడ్డీ బెల్ బృందం మార్చేసిన మాటలు విని. అక్కడ కుందేళ్లు వచ్చి చేరాయి, పాటలోంచి మనిషి పోయాడు. పాట నేర్చుకునేటప్పుడు మొదటి రికార్డు దాకా వెళ్లాలనేది ఇందుకే. కవర్‌ను చూసి కవర్ చేస్తే ముందువాడి పొరపాట్లు కూడా వారసత్వంగా వస్తాయి.

పోయిన చరణం, రాని డబ్బు

డాలీ పార్టన్ 1973లో రికార్డు చేసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' ప్రియుడికి కాదు, గురువులాంటి సహగాయకుడు పోర్టర్ వాగనర్‌కు వీడ్కోలు. 1974లో కంట్రీ పట్టికలో మొదటి స్థానం. ఎల్విస్ పాడతానన్నప్పుడు ఆయన మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ పాట రచన హక్కు, అంటే పబ్లిషింగ్‌లో సగం రాసివ్వమన్నాడు. ఆమె ఇవ్వలేదు. ఎల్విస్ పాడలేదు.

1992లో 'ద బాడీగార్డ్' సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ పాడబోయేటప్పుడు నిర్మాత డేవిడ్ ఫోస్టర్ నమూనాగా పెట్టుకున్నది లిండా రాన్‌స్టాట్ 1975 కవర్. అందులో మూడో చరణం లేదు. డాలీ రికార్డులో ఆ చరణం ఉంది, కాకపోతే ఆమె దాన్ని పాడకుండా మాటలా చెబుతుంది. ఫోన్‌లో ఆ సంగతి డాలీయే చెప్పబట్టి ఫోస్టర్ ఆ చరణాన్ని చేర్చాడు. ఆ చరణం లేకుండా ఈ కవర్‌ను ఊహించడం కష్టం, ఎందుకంటే అందరూ ఎదురుచూసే ఆ డ్రమ్ దెబ్బ దాని వెనకే పడుతుంది. చరణం నెమ్మదిగా ముగుస్తుంది, అంతా ఆగుతుంది, ఒక్క దెబ్బ, పాట ఎ నుంచి బి లోకి ఎగురుతుంది. మొదట్లో వాద్యాలు లేకుండా దాదాపు ముప్పావు నిమిషం పాడే భాగం నటుడు కెవిన్ కాస్ట్‌నర్ పట్టుపట్టి పెట్టించింది. మన పాత సినిమా పాటల సాకీ లాంటిదే అది: తాళం మొదలవకముందే గొంతు చేతిలోకి పాట వచ్చేస్తుంది. సాకీలో ఉన్న ప్రమాదం దీనికీ ఉంది. ఆధార శ్రుతి లేకుండా పాడేటప్పుడు గొంతు కొంచెం కిందికి జారితే, వాద్యాలు వచ్చి కలిసిన క్షణంలో తేడా బట్టబయలవుతుంది. పాడేవాళ్లు చెవిలో ఒక్క ఎ స్వరమైనా మోగేలా పెట్టుకోవాలి.

విట్నీ రికార్డు 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట వేసినందుకు రచయితకు చెల్లిస్తాయి. గాయనికి, రికార్డు కంపెనీకి చెల్లించవు. కాబట్టి ఆ 14 వారాలూ రేడియోలో మోగినప్పుడల్లా డబ్బు వచ్చింది డాలీ వైపే. పార్కర్‌కు సగం ఇచ్చి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసుకోవచ్చు.

ఇక మొదట చెప్పిన మినహాయింపు. ట్రేసీ చాప్‌మన్ 1988 పాట 'ఫాస్ట్ కార్'ను లూక్ కోంబ్స్ 2023లో పాడాడు. ఏ మీటా గట్టిగా తిప్పలేదు. గిటార్ వరస అదే, నడక దాదాపు అదే, కథ చెప్పే మనిషి 'చెక్‌అవుట్ గర్ల్' అన్న మాట కూడా మార్చలేదు. నిజానికి ఇలాంటి కవర్ మర్చిపోవాల్సింది. కానీ అది హాట్ 100లో రెండో స్థానానికి, కంట్రీ రేడియోలో మొదటి స్థానానికి వెళ్లింది. మారింది పాట కాదు, అది మోగే చోటు. ఒంటరిగా రాసిన పాటతో కంట్రీ రేడియోలో మొదటి స్థానం అందుకున్న తొలి నల్లజాతి మహిళ చాప్‌మన్ అయింది, అదీ పాట వచ్చిన 35 ఏళ్లకు. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏడాది ఉత్తమ గీతం అవార్డు రచయితగా ఆమెకే ఇచ్చింది. 1962లో రే చార్ల్స్ ఇదే దారిని ఎదురువైపు నుంచి నడిచాడు. డాన్ గిబ్సన్ రికార్డులో రెండో వైపు పాటగా వచ్చిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ'ని వయొలిన్లతో, బృందగానంతో పాడి అయిదు వారాలు అగ్రస్థానంలో నిలిపాడు.

చేయబోయేవాళ్లకు

శ్రుతి ముందు తేల్చుకోవాలి. పాటలో అన్నిటికంటే పై స్వరాన్ని వెతికి, అలసిపోయిన సాయంత్రం కూడా దాన్ని మూడుసార్లు వరసగా పాడగలరేమో చూడండి. లేకపోతే దించండి. కేపో శ్రుతిని పెంచుతుందే గానీ దించదు. ఎ లో ఉన్న పాటను మూడు అర మెట్లు దించాలంటే రెండో ఫ్రెట్‌పై కేపో పెట్టి ఇ ఆకారాలు వాయించాలి, ఎఫ్ షార్ప్ వస్తుంది. తర్వాత ఏ మీట తిప్పుతున్నారో ఒక్కటి నిర్ణయించుకుని, మిగతావి అలాగే ఉంచి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వేగాన్ని సగానికి దించి, పియానో మీద గుసగుసలాడితే ఏ పాటైనా లోతుగా వినిపిస్తుందన్న నమ్మకం వ్యాపార ప్రకటనలు నేర్పింది. నడక మార్చడానికి మాటల్లో కారణం ఉండాలి. ఎక్కువమంది చేసే మరో తప్పు పాత సోలోను స్వరం తప్పకుండా దింపేయడం. అది పాటలో భాగం కాదు, పాత రికార్డులో భాగం.

లైసెన్సు సంగతి. అమెరికాలో 1909 నుంచి నిర్బంధ లైసెన్సు ఉంది. తనంతట తానే మోగే పియానోకు అమర్చే కాగితపు చుట్టల వ్యాపారం ఒకే కంపెనీ చేతిలోకి పోతుందన్న భయంతో పెట్టింది. ఒకసారి పాట రికార్డుగా బయటికొచ్చాక, ఎవరైనా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రుసుము కట్టి పాడుకోవచ్చు. మూల బాణీని, పాట స్వభావాన్ని మార్చకూడదు. బ్రిటన్‌లోనూ హెండ్రిక్స్ నాటికి ఇలాంటి వెసులుబాటే ఉండేది. రుసుము 1909 నుంచి 1977 దాకా కాపీకి 2 సెంట్లు. 2025లో అయిదు నిమిషాల లోపు పాటకు 12.7 సెంట్లు. వెయ్యి సీడీలు వేస్తే 127 డాలర్లు. అక్కడ స్ట్రీమింగ్‌కు ఈ రుసుము స్ట్రీమింగ్ కంపెనీయే కడుతుంది. వీడియోకు మాత్రం ఈ లైసెన్సు చెల్లదు; బొమ్మతో పాటను జత చేయాలంటే హక్కుదారు ఒప్పుకోవాల్సిందే. యూట్యూబ్‌లో చాలా కవర్లు బతికి ఉండటానికి కారణం ఆ సంస్థకు పబ్లిషర్లతో ఉన్న ఒప్పందాలు; ప్రకటనల ఆదాయం వాళ్ల వైపు మళ్లుతుంది. ఎవరో తయారుచేసిన కరోకే ట్రాక్ మీద పాడితే ఆ ట్రాక్ మరో రికార్డు అవుతుంది, దానికి వేరే అనుమతి కావాలి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని రికార్డు విడుదల చేసేవాళ్లకు వర్తించేది కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో వచ్చిన 31సి సెక్షన్. పాట మొదటిసారి రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ముందుగా నోటీసు, లేబుల్ నమూనా, రాయల్టీ ఇవ్వాలి. మినహాయింపు దొరికితే తప్ప ఏటా కనీసం 50,000 కాపీల లెక్కన. చిన్న గాయకులకు ఇది మోయలేని భారం, అందుకే చాలామంది నేరుగా పబ్లిషర్‌తో మాట్లాడుకుంటారు. మాటల్లో, బాణీలో హక్కుదారు ఒప్పుకోని మార్పులు కుదరవు. డాలీ పాటకు తెలుగు మాటలు రాస్తే అది అనువాదం, కవర్ కాదు. అమెరికాలోనైనా ఇక్కడైనా అనుమతి లేకుండా చెల్లదు. లేబుల్ మీద ఇది కవర్ అని రాయాలి, అంతకుముందు పాడినవాళ్ల పేరు గానీ బొమ్మ గానీ ఉండకూడదు. 'టెనెసీ విస్కీ' పాడి స్టేపుల్టన్ పేరుతో అమ్మడానికి లేదు. రచయితల చోట రాయాల్సిన పేర్లు డీన్ డిల్లన్, లిండా హార్‌గ్రోవ్.